వ్రాసినవాడు లేనినాడు పలుకు వ్రాత



నేటి ప్రసంగ విషయము వ్రాతపని. ఇది కావ్యరచన కాదు, కథారచన కాదు. ఒక పని ఎట్లు జరుగుచున్నదో, ఇకముందు ఎట్లు జరుగవలెనో, తెలిసినవారి నోట విని, తెలియనివారికి తెలియునట్లు కాగితము మీద పెట్టుట. నేటి కంపెనీలలో ఈ పని చేయువారిని బిజినెస్ అనలిస్టు లందురు. చీమకుర్తి చుట్టుపట్ల గ్రామములనుండి హైదరాబాదునకు, బెంగుళూరునకు, సముద్రములకు ఆవలికి పోయిన పిల్లలలో ఈ ఉద్యోగము చేయువారును కలరు. అట్టి పిల్లవాడు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తాతగారు అరుగుమీద కూర్చుండబెట్టి అడుగును.

“ఏం పని చేస్తావురా అబ్బాయ్? కంప్యూటరులో ప్రోగ్రాములు రాస్తావా?”

“లేదు తాతయ్యా.”

“సరుకు అమ్ముతావా?”

“లేదు తాతయ్యా. అందరినీ అడిగి రాసుకుంటాను.”

తాతగారు నవ్వును. అడిగి వ్రాసికొన్నంత మాత్రమునకు జీతమా అని ఆయన సందేహము. సందేహము సహజమే. కాని ఇదియే పని మన దేశమున తరతరములుగా జరిగినది. అది సరిగా జరిగినచోట ఊళ్లు బాగుపడినవి. జరుగనిచోట అన్నదమ్ములు కోర్టులపాలైరి. కావున ఈ పని ఎట్టిదో కొంచెము విచారింతము.

మన గ్రంథాలయమునే ఉదాహరణముగా తీసికొందము. పుస్తకముల రిజిస్టరును కంప్యూటరులోనికి ఎక్కింపవలెనని పాలకవర్గము తలచినదనుకొందము. ప్రోగ్రాము వ్రాయువాడు హైదరాబాదులో ఉండును. వానికి చీమకుర్తి తెలియదు. ఇక్కడ రిజిస్టరు చూచువారికి ప్రోగ్రాము తెలియదు. ఈ ఇరువురి నడుమ నిలుచువాడే అనలిస్టు. అతడు వచ్చి అడుగును: పుస్తకము ఎన్ని దినములు ఉంచుకొనవచ్చును? “పదునైదు దినములు” అని అధ్యక్షులు చెప్పుదురు. గడువు దాటిన జరిమానా కలదా? “కలదు” అందురు. అదే ప్రశ్న పుస్తకములు ఇచ్చునాయనను అడిగినచో ఆయన మరియొక విధముగా చెప్పును: “జరిమానా ఉన్నమాట నిజమే గాని, మిరపకోతల రోజుల్లో ఎవరినీ అడగమండీ. పరీక్షలకు చదివే పిల్లల దగ్గరా తీసుకోము.”

ఇందు ఎవరు చెప్పినది సత్యము? ఇద్దరు చెప్పినదియు సత్యమే. ఒకటి నియమము, రెండవది ఆచారము. అధ్యక్షుల మాట మాత్రమే వ్రాసికొని పోయినవాడు ప్రోగ్రాము చేయించినచో, ఆ యంత్రము మిరపకోతలలో కూలికి పోయిన తల్లి పేర జరిమానా లెక్కగట్టును. యంత్రమునకు దయ లేదు. వ్రాసియిచ్చిన దయ మాత్రమే దానికి తెలియును. అందుచేత అనలిస్టు మొదట ఉన్నది ఉన్నట్లుగా వ్రాయును. పిమ్మట కావలసినది వేరుగా వ్రాయును. ఈ రెంటిని కలిపివేసినవాడు తన కోరికను ఊరి ఆచారముగా వ్రాసినవాడగును.

తరువాతి చిక్కు మాటలతో వచ్చును. ఒకే మాటకు ఒక్కొక్కచోట ఒక్కొక్క అర్థము. గుంటూరు యార్డులో టిక్కీ యనగా మిరపకాయల బస్తా. పట్టణమున పెరిగిన ప్రోగ్రాము పిల్లవానికి టిక్కీ యనగా సాయంకాలపు ఫలహారము. ఇది నవ్వులాట. నవ్వులాట కానిది మరియొకటి కలదు. మనకు ఎకరము నూరు సెంట్లు. తెలంగాణమున ఎకరము నలుబది గుంటలు. ఒక గుంట రెండున్నర సెంట్లకు సమానము. కాగితముమీద “విస్తీర్ణము 20” అని మాత్రము వ్రాసి, సెంట్లో గుంటలో చెప్పనియెడల, ఇరువది సెంట్ల స్థలము చదువువాని కంటికి అరయెకరము కావచ్చును. అంకె తప్పు కాదు. చేతివ్రాత తప్పు కాదు. ఒక్క మాట వ్రాయకపోవుటయే తప్పు.

ఇట్టి తప్పు పల్లెటూరివారికే జరుగునని తలంపరాదు. 1999 సెప్టెంబరు 23వ తేదీన అమెరికావారి అంతరిక్ష నౌక యొకటి అంగారక గ్రహమును చేరుచు నశించెను. నౌకను త్రోయు శక్తిని లెక్కించునప్పుడు ఒక పక్షమువారు పౌండ్ల కొలతలో అంకెలు పంపిరి. రెండవ పక్షమువారు వానిని మెట్రిక్ కొలతలోని న్యూటన్లుగా భావించి లెక్కవేసిరి. విచారణలో తేలిన విశేషమేమనగా, ఉభయుల నడుమ నున్న పత్రములో మెట్రిక్ కొలతయే వాడవలెనని స్పష్టముగా వ్రాసియుండెను. పత్రము సరిగానే యుండెను. దాని ప్రకారము పని జరిగినదా అని సరిచూచుట జరుగలేదు. కావున పత్రము వ్రాసి బీరువాలో పెట్టినంతమాత్రమున అనలిస్టు పని ముగియదు. వ్రాసిన ప్రతి వాక్యమునకు ఎదురుగా, అది జరిగినదో లేదో చూచుటకు ఒక పరీక్ష యుండవలెను.

భారతరచనను గూర్చి పెద్దలు చెప్పు గాథ యొకటి అందరెరిగినదే. వ్యాసునకు లేఖకుడుగా విఘ్నేశ్వరుడు కుదురుకొనునప్పుడు తన గంటము నడుమ ఆగరాదని నియమము పెట్టెను. వ్యాసుడు బదులుగా, అర్థము తెలిసికొనక ఏ యక్షరమును వ్రాయరాదని తాను నియమము పెట్టెను. పిల్లలకు ఈ కథ చెప్పునప్పుడు విఘ్నేశ్వరుని వేగమును మెచ్చుకొందుము. వ్యాసుని నియమము అంతకంటె గొప్పది. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుటకంటె, గంటము ఆపి “స్వామీ, దీని భావమేమి?” అని అడుగుట మేలు. అనలిస్టు జీతము ఆ ప్రశ్నకే.

ఇక మన తెలుగువారిలో ఈ పనిని మహోన్నతముగా నిర్వహించినవారి చరిత్రము కొంత చెప్పవలసియున్నది. కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దేశీయుడు 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువునకు మన దేశము వచ్చెను. భూమిని కొలుచుట ఆయన ఉద్యోగము. కొలిచిన భూమిమీద ఎవరు ఏలిరో, ఏ గుడి ఎవరు కట్టించిరో, ఏ చెరువు ఎవరు త్రవ్వించిరో తెలిసికొనవలెనని ఆయన కోరిక. కాని ఆయనకు దేశభాషలు రావు. గ్రామములలో తెలిసినవారు కరణములు, అర్చకులు, వృద్ధులు. వారికి ఇంగ్లీషు రాదు. ఈ ఇరుపక్షముల నడుమ నిలిచినవాడు ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య. తెలుగు, సంస్కృతము, పారసీకము, హిందుస్థానీ, ఇంగ్లీషు నేర్చిన యువకుడు. అతడును, సోదరుడు లక్ష్మయ్యయు, వారి సహాయకులును గ్రామగ్రామమునకు పోయి అడిగిరి. కరణముల యిండ్లలోని దండకవిలెలు చూచిరి. శాసనములకు నకళ్లు వ్రాసికొనిరి. వృద్ధులు చెప్పినది చెప్పినట్లు వ్రాయించిరి. ఆ వ్రాతలే కైఫియత్తులు. మెకంజీ గారు 1817లో వ్రాసిన యొక లేఖలో బొర్రయ్య పరిచయమే తనకు భారతీయ విజ్ఞానమునకు ద్వారమైనదని కృతజ్ఞతతో తలచుకొనెను.

బొర్రయ్య 1803లో, ముప్పదియేండ్లు నిండకమునుపే, కాలధర్మము చెందెను. పని నిలిచిపోయెనా? పోలేదు. ఏమి అడుగవలెనో, ఎట్లు వ్రాయవలెనో అతడు ఒక పద్ధతి ఏర్పరచి, తోడివారికి నేర్పియుండెను. లక్ష్మయ్య ఆ పద్ధతినే నడపెను. 1821లో మెకంజీయు గతించెను. అప్పటికిని వ్రాతలు నిలిచినవి. 1828లో విల్సను పండితుడు వానికి పట్టిక అచ్చువేయించెను. కొంతకాలమునకు ప్రతులు శిథిలములగుచుండగా బ్రౌను దొర వానిలో అనేకమును తిరిగి వ్రాయించెను. అడిగినవాడు, చెప్పినవాడు, వ్రాసినవాడు, వ్రాయించినవాడు అందరును పోయిన పిదప, నేటికిని మన జిల్లాల చరిత్ర వ్రాయువారు ఆ కైఫియత్తులనే తెరచుచున్నారు. పత్రమునకు ఇంతకంటె పెద్ద పరీక్ష లేదు. వ్రాసినవాడు ఎదుట నుండగా అతనినే అడుగవచ్చును. అతడు లేనినాడు సమాధానము చెప్పునదే పత్రము.

ఇందు బాధాకరమైన మాటయు నొకటి కలదు. మెకంజీ తరువాత ఆ పనిని తానే సాగింతునని లక్ష్మయ్య ముందుకు రాగా, 1830 దశకమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అందుకు సమ్మతింపలేదు. దేశీయుడు అట్టి కార్యమునకు నాయకుడుగా తగడని వారి తీర్పు. ముప్పదియేండ్లు నడిపించినవానికి దక్కిన గౌరవమది. నడుమ నిలిచి వ్రాయువాని పేరు తరచుగా కనబడదు. కట్టడము చూచువారు పునాదిని చూడరు గదా.

కైఫియత్తులలో అంతయు సత్యమేయని కాదు. కరణము తన మిరాశీకి అనుకూలముగా చెప్పియుండవచ్చును. గుడివారు తమ మాన్యమును పెంచి చెప్పియుండవచ్చును. అందుకే ఒకనిమాట విని ఊరకుండక, శాసనముతో పోల్చి చూడవలెను. నేటి అనలిస్టు ఒకే ప్రశ్నను యజమానిని, గుమాస్తాను, కూలివానిని వేరువేరుగా అడుగుటకు కారణమిదియే. తేడా వచ్చినచోటనే పని యొక్క అసలు రూపము దాగియుండును.

ఇక వ్రాసినదానికి బలము ఎట్లు వచ్చును? ఈ ప్రశ్నకు మన ధర్మశాస్త్రకారులు ఏనాడో సమాధానము చెప్పిరి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారకాండమున ఋణపత్రము ఎట్లుండవలెనో కలదు. సంవత్సరము, మాసము, పక్షము, దినము వ్రాయవలెను. ఉభయుల పేర్లు, తండ్రుల పేర్లు వ్రాయవలెను. విషయము ముగిసిన పిదప ఋణస్థుడు స్వహస్తముతో, పైని వ్రాసినది తనకు సమ్మతమని వ్రాయవలెను. సాక్షులు తమ చేతితో తాము వ్రాయవలెను. చివరకు లేఖకుడు, ఉభయులు కోరగా తాను వ్రాసితినని తన పేరు పెట్టవలెను. అక్షరము రాని ఋణస్థుడు సాక్షులందరి యెదుట మరియొకనిచేత తన సమ్మతిని వ్రాయించవలెనని మితాక్షరలో నున్నది. పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన ఈ వ్యవహారధర్మములను విజ్ఞానేశ్వరీయముగా తెలుగు పద్యములలోనికి తెచ్చెను. న్యాయము సంస్కృతము వచ్చినవారికే తెలిసియుండుట చాలదని కాబోలు.

సర్వే విషయమునను ఇదే న్యాయము. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము ప్రకారము కొలత ముగిసిన పిదప ఆ సంగతి భూమి గలవారికి నోటీసుద్వారా తెలియజేయవలెను. తప్పు కనిపించినవారికి గడువులోపల అప్పీలుకు అవకాశముండవలెను. కొలిచినవాడే తీర్పరి కాడు. నేటి కంపెనీలలో పత్రము పూర్తియైన పిదప చెప్పినవారికే చదివి వినిపించి, వారి సమ్మతి తీసికొని సంతకము చేయింతురు. సంతకము అడుగుటకు ముందు చదివి వినిపించుటలోనే ధర్మమంతయు కలదు. వినిపింపక వేయించిన సంతకము తెల్లకాగితము మీది వ్రేలిముద్రతో సమానము. ఆ వ్రేలిముద్రల కథలు మన మెట్ట గ్రామములలో ఎన్ని కుటుంబముల భూమిని మ్రింగినవో పెద్దలకు తెలియును.

మార్పులను గూర్చియు ఒక మాట. ఏ పనియు వ్రాసిననాడున్నట్లే యుండదు. పొగాకు వేసిన చేలో మరుసటియేడు శనగ వేయుదురు. అందుకే అడంగలు ఏ ఫసలీకి ఆ ఫసలీ వ్రాయుదురు. పాతదానిని చింపివేయరు. లెక్కలో తప్పుపడిన అంకెను గీకి మాపరాదనియు, చదువుటకు వీలగునట్లు ఒక గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వ్రాసి, పొట్టి సంతకము చేయవలెననియు పాత గుమాస్తాలు కుర్రవారికి మొదటిదినముననే నేర్పెడివారు. అనలిస్టు తన పత్రమునకు ఒకటవ ప్రతి, రెండవ ప్రతి అని సంఖ్య వేసి, ఏ తేదీన, ఎవరు కోరగా, ఏమి మారినదో పట్టిక వ్రాయును. రెండును ఒకే నీతి: మార్పు దోషము కాదు, మార్పును దాచుటయే దోషము.

రిజిస్ట్రేషను కచేరీల సంగతి చూడుడు. పూర్వము దస్తావేజును గుమాస్తా పెద్ద పుస్తకములలోనికి చేతితో ఎక్కించెడివాడు. ఈసీ కావలసినచో ఏండ్లతరబడి సూచిక పుస్తకములు త్రిప్పవలసి వచ్చెడిది. 1998లో కార్డు అను పథకముతో ఆంధ్రప్రదేశమున ఈ పనిని కంప్యూటరులోనికి తెచ్చిరి. ప్రజలకు కనబడినది యంత్రము. అంతకుముందు దస్తావేజు ఏ బల్లనుండి ఏ బల్లకు పోవుచున్నదో, ఏ గుమాస్తా ఏమి సరిచూచుచున్నాడో, విలువ ఎట్లు కట్టుచున్నారో, ఒక్కొక్క అడుగు వ్రాసికొననిదే ఆ యంత్రము ఒక్క కాగితమునైన ఇచ్చియుండదు.

పని చేతులు మారునప్పుడు వ్రాత విలువ మరింత స్పష్టమగును. నన్నయ భట్టారకుడు ఆరణ్యపర్వము నడుమ ఆగెను. తిక్కన సోమయాజి విరాటపర్వముతో ఆరంభించెను. నడుమ శేషించినదానిని పదునాలుగవ శతాబ్దమున, మన పొరుగుననే యున్న అద్దంకిని ఏలిన రెడ్డిరాజుల ఆస్థానకవి ఎఱ్ఱాప్రగడ పూర్తిచేసెను. మూడువందల యేండ్లకు పిమ్మట వచ్చిన కవికి, పని ఎక్కడ ఆగినదో, ఏమి మిగిలినదో ఎట్లు తెలిసెను? సంస్కృతమూలము కండ్లయెదుట నున్నది గనుక. మూలపత్రము ఉన్నచోట మూడు తరములు కాదు, మూడు శతాబ్దముల ఎడమైనను అతుకు కనబడకుండ పని సాగును.

మూలపత్రము లేనిచోట ఏమగును? 1984 జనవరిలో కరణము, మునసబు మొదలగు గ్రామాధికారుల పదవులు రద్దయినవి. వంశపారంపర్యముగా ఒకే కుటుంబము చేతిలో ఊరి లెక్కయంతయు నుండుట మంచిది కాదనుట న్యాయమే. కరణమును నమ్మరాదని సుమతీశతకకారుడు హెచ్చరించినది ఊరక కాదు. అయినను కొన్ని గ్రామములలో లెక్కలు క్రొత్తవారికి సక్రమముగా అందలేదు. ఏ పట్టా ఎవరినుండి ఎవరికి వచ్చినదో పాత కరణము జ్ఞాపకమున మాత్రమే యుండెను. ఆయన కన్నుమూయగానే ఆ జ్ఞాపకమును ఆయనతోనే పోయెను. అన్నదమ్ముల పంపకములకు సాక్ష్యము లేక, గట్టు తగాదాలు పెరిగినవి. జ్ఞాపకము ఒకని సొత్తు. పత్రము ఊరి సొత్తు. తన జ్ఞాపకముననే లెక్కయుంచుకొని, తాను లేనిదే పని జరుగకుండ చేసికొన్నవాడు గొప్పవాడుగా కనబడును గాని, అతడు ఊరికి అప్పు పెట్టిపోయినవాడే. ఈ దోషము పాత కరణములకే కాదు, నేటి కంపెనీలలోను కలదు. “ఆ సంగతి నాకొక్కడికే తెలుసు” అని గర్వపడువారు అక్కడను ఉందురు.

కావున, పట్టణములలో ఈ ఉద్యోగము చేయు మన పిల్లలకు ఈ సభనుండి పోవలసిన సందేశము చిన్నది. ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. కొలత పేరు విడువకుడు. అర్థము కానిచో ఆగి అడుగుడు. యజమానితోబాటు కూలివానిని అడుగుడు. చెప్పినవానికి చదివి వినిపించుడు. మారినదానిని దాచకుడు. రేపు మీరు లేకున్నను పని నడచునట్లు వ్రాయుడు.

ఊరిలో నున్నవారికిని ఒక మాట కలదు. ఎంత ధర్మముగా వ్రాసినను, చదువలేనివానికి పత్రము రక్షణ కాదు. చదువగలిగియు చదువనివానికి అసలే కాదు. మన గ్రంథాలయము ఈ ఇరువదియైదేండ్లలో భారతము, భాగవతము, నవలలు, పత్రికలు చదివించినది. వానితోబాటు తన పాసుపుస్తకము తాను చదువుకొనుట, బ్యాంకు కాగితమును సంతకమునకు ముందు చదువుట, అర్థము కానిచో ప్రక్కవానిని సిగ్గుపడక అడుగుట ఈ వసారాలోనే అలవాటు కావలెను. సాయంకాలము దీపము పెట్టిన వేళ ఒక రైతు కాగితము పట్టుకొని వచ్చి, “అబ్బాయ్, ఇందులో ఏముందో కాస్త చదివిపెట్టు” అని అడిగినచో, చదువుచున్న నవల మూసి ఆ కాగితము అందుకొనువాడే ఈ గ్రంథాలయమునకు నిజమైన చందాదారుడు.

గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేటి పాలకవర్గములో ఎందరుందురో చెప్పలేము. రిజిస్టరులు మాత్రము ఉండవలెను. వానిని తెరచినవారికి, ఈ ఇల్లు ఎట్లు నడచినదో ఎవరినీ అడుగకుండనే తెలియవలెను. అట్లు తెలిసిననాడు ఈ రజతోత్సవము సార్థకమైనదని తలపవచ్చును.

శుభమస్తు.